ఆ పని వడ్రంగిది

మా పక్కింటి మామయ్య ఇంకొకరి పని చచ్చినా చేసేవాడు కాదు. అలాగని ఆయన్ని బద్ధకస్తుడు అనుకునేరు, ఆ మాటంటే ఆయనకంటే ముందు నాకే కోపమొస్తుంది. మా ఊరి ఫ్యాక్టరీలో ఆయన ఎలక్ట్రీషియన్. కరెంటు పనైతే మిట్టమధ్యాహ్నం స్తంభమెక్కి నాలుగు గంటలు వేలాడమన్నా వేలాడేవాడు. గోడకి ఒక్క మేకు కొట్టమంటే మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "అది వడ్రంగి పని" అనేవాడు. కుళాయి కారితే ప్లంబర్ పని, గోడ పెచ్చు ఊడితే తాపీమేస్త్రి పని, గేటు కిర్రుమంటే ఫిట్టర్ పని. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని "సరిహద్దు" అని పిలిచేవాళ్ళు. ఎవరి గీత ఎక్కడుందో ఆయనకి తెలిసినంత బాగా సర్వేయర్లకి కూడా తెలియదు.

ఈ పట్టుదలకి ఆయన దగ్గర ఆధారం ఉంది. యూనియన్‌కీ యాజమాన్యానికీ మధ్య ఏనాడో ఒక ఒప్పందం జరిగింది. అందులో ఏడో నిబంధన, "ఏ వృత్తి పని ఆ వృత్తివారే చేయవలెను." ఆ ఒప్పందంలో మొత్తం నలభై నిబంధనలున్నాయట. మిగతా ముప్ఫై తొమ్మిదింటి ఊసు ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఫ్యాక్టరీ గేటు దాటాక ఆ ఒప్పందం చెల్లదని ఎంతమంది చెప్పినా ఆయన వినలేదు. ఆయన లెక్కలో ఏడో నిబంధన పడగ్గదిలోనూ చెల్లుతుంది.

ఒకసారి వాళ్ళ హాల్లో బల్బు పోయింది. ఇంటాయనే ఎలక్ట్రీషియన్ కదా, అత్తయ్య నిశ్చింతగా ఉంది. మామయ్య కొత్త బల్బు తెచ్చాడు, స్టూలు వేశాడు, ఒక కాలు పైన పెట్టాడు. స్టూలు అటూ ఇటూ ఊగింది. అంతే, కిందికి దిగిపోయాడు.

"ఏమైందండీ?"

"స్టూలు కుంటుతోంది."

"కింద ఒక మడత కాగితం పెట్టండి, సరిపోతుంది."

"మడత పెట్టడం అంటే మరమ్మతు చెయ్యడమే. మరమ్మతు వడ్రంగి చెయ్యాలి."

"సరే, ఆ వడ్రంగినే పిలవండి."

"ఇవాళ బావకి సెలవు. సెలవు రోజున కార్మికుణ్ణి పనికి పిలవడం ఇంకా పెద్ద తప్పు."

ఎలక్ట్రీషియన్ ఇంట్లో రెండు రోజులు చీకటి. మూడో రోజు మా నాన్న వెళ్ళి స్టూలు కాలు సరిచేశాక మామయ్య బల్బు పెట్టాడు. ఆయన "బావా" అని పిలిచే ఆ వడ్రంగి మా నాన్నే. ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే ఒక్క వడ్రంగి.

నాన్న సంగతి ఇక్కడే చెప్పేయాలి. నా పదేళ్ళ వయసులో ఫ్యాక్టరీ రంపం మిషన్ కింద పడి నాన్న కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ ఏడాదే మేము మామయ్య పక్కింటికి మారాం. మిగిలిన మూడు వేళ్ళతో ఉలి పట్టడం నాన్న మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. పని మునుపటంత నున్నగానే వచ్చేది, కాస్త నెమ్మదిగా వచ్చేది. అప్పటినుంచీ పై ఆఫీసులో ఒక మాట నలుగుతూనే ఉంది, "అసలు మనకి వడ్రంగి అవసరమా?" అని. ఆ మాట గాలివాటుగా మా ఇంటిదాకా వచ్చినప్పుడల్లా అమ్మకి ముద్ద దిగేది కాదు.

మామయ్య దగ్గర మాత్రం ఏ దిగులూ నిలిచేది కాదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ప్రపంచంలోని కార్మిక సమస్యలన్నీ పరిష్కరించేవాడు.

"చూడమ్మాయ్, దేశంలో ఉద్యోగాలు ఎందుకు లేవో తెలుసా?"

"జనం ఎక్కువై."

"కాదు. చలాకీవాళ్ళు ఎక్కువై. ఒక్కడు నాలుగు పనులు చేస్తానని ముందుకురుకుతాడు. మేనేజరు వాడి భుజం తడతాడు. సాయంత్రానికి ముగ్గురు ఇంటికి పోతారు. భుజం తట్టించుకున్నవాడు మంచివాడే పాపం, వాడికి మిగతా ముగ్గురూ కనపడరు."

"మరి పని త్వరగా అవుతుంది కదా మామయ్యా?"

"అవుతుంది. ఎవరింట్లో పొయ్యి ఆరిపోయింది అన్నది కదా చూడాలి?"

ఈ సిద్ధాంతం ఆయన అందరికీ సమానంగా వర్తింపజేసేవాడు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, "ఏమిటి బాధ?" అని ఆయన అడిగారట. "అది కనిపెట్టడం మీ పని కదండీ" అని మామయ్య నోరు తెరిచి, నాలుక చాపి కూర్చున్నాడు. ఆ డాక్టరు ఎవరో సహనవంతుడు, పాపం కనిపెట్టాడు.

ఇక ఎన్నికలొస్తే మామయ్యని పట్టలేం. ఒక పెద్దమనిషి ఓట్ల కోసం మా వీధికి వచ్చాడు. వెనకాల ఫోటోగ్రాఫర్లు, ముందు డప్పులు. మా వీధి ఊడ్చే ఆవిడ చేతిలోంచి చీపురు లాక్కుని, నడుం వంచి ఊడవడం మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. మామయ్య గుంపుని తోసుకుంటూ ముందుకెళ్ళాడు.

"అయ్యా, మీ పనేమిటి?"

"ప్రజాసేవ!" అన్నాడాయన, ఊడుస్తూనే.

"అది సరే. ఈ వీధి ఊడవడం ఈవిడ పని. ఆ చీపురు ఆవిడకిచ్చెయ్యండి. ఆవిడ ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం మీ ఆఫీసులో రెండేళ్ళుగా పడి ఉంది. దాని మీద సంతకం పెట్టడం మీ పని. అది ఎవరికిచ్చారు?"

డప్పులు ఆగిపోయాయి. ఊడ్చే ఆవిడ తన చీపురు తను తీసుకుంది. ఆ పెద్దమనిషి మళ్ళీ గెలిచాక ఆ కాగితం మీద సంతకం పెట్టాడు, మామయ్యకి భయపడో, సిగ్గుపడో నాకు తెలియదు. తర్వాత మా గుమ్మాలు ఏనాడూ చెత్తతో కనపడలేదు. మామయ్య గుమ్మం ముందు ఆవిడ రెండుసార్లు ఊడ్చేది. "ఒక్కసారే ఊడవాలి, రెండోసారి ఓవర్‌టైమ్" అని మామయ్య ఆవిడతో కూడా గొడవపడేవాడు.

ఇన్ని నీతులు చెప్పే మనిషి ఇంట్లో గిన్నెలు తోమేవాడు, బట్టలు ఉతికేవాడు. "వంటింటి పని అత్తయ్యది కదా మామయ్యా?" అని అడిగితే ఆయనకి ఎక్కడలేని కోపమూ వచ్చింది. "మీ అత్తయ్య ఏ కాగితం మీద సంతకం పెట్టింది? జీతం ఉందా, సెలవుందా, యూనియన్ ఉందా? ఒప్పందం లేని పని అందరిదీ!" అన్నాడు. వంటింట్లోంచి అత్తయ్య, "ఒప్పందం లేకపోయినా సరే, ఆ అలమార తలుపు ఒక్కటి బిగించండి, రోజూ నా మోచేతికి కొట్టుకుంటోంది" అంది. మామయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఈ మనిషితో ఎలా వేగుతోందా అని వీధంతా అత్తయ్యని చూసి జాలిపడేది.

చదువయ్యాక నాకూ ఆ ఫ్యాక్టరీలోనే గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఎక్కడ ఏ మరమ్మతు కావాలన్నా పని చీటీ రాసి నా బల్ల మీద పెట్టాలి. నేను దాన్ని రిజిస్టర్‌లో ఎక్కించి, ఆ పనివాళ్ళకి పంపాలి. అప్పుడు తెలిసింది నాకు మామయ్య అంటే ఏమిటో. రోజుకి ఐదారు చీటీలు, అన్నీ వడ్రంగికే. "స్విచ్‌బోర్డు చెక్కకి ఒక స్క్రూ వదులు." "నిచ్చెన మూడో మెట్టు కిర్రు." "ఫ్యూజు పెట్టె మూత బిగుతు." నాలుగు కాళ్ళూ కదిలే కుర్చీకి నాలుగు చీటీలు రాశాడొకసారి.

"మామయ్యా, ఒకే కుర్చీ కదా? ఒక్క చీటీ చాలదా?"

"ఏ కాలు సంగతి ఆ కాలిది. ఒక కాలు బాగుచేసినంత మాత్రాన ఇంకోటి బాగుపడుతుందా?"

"నీ జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. నువ్వే తిప్పెయ్యొచ్చు."

"ఇది కరెంటు స్క్రూడ్రైవర్. చెక్కకి పనికిరాదు."

నేను నెత్తి కొట్టుకుని రాసుకునేదాన్ని. నాన్న మాత్రం ఒక్క చీటీ చూసి కూడా విసుక్కోలేదు. సంచి భుజాన వేసుకుని వెళ్ళి, ఆ ఒక్క స్క్రూ తిప్పి, చుట్టుపక్కల చెక్కని చేత్తో తడిమి చూసి వచ్చేవాడు.

అలా ఉండగా పై ఆఫీసునుంచి ఒక ఆఫీసరు దిగాడు. ఆయన పేరేదో ఉండేది, కానీ మాకు మాత్రం ఆయన కోత ఆఫీసరు. ఏ వృత్తికి ఏడాదిలో పని తక్కువగా ఉంటే ఆ ఉద్యోగం తీసేసి, అవసరమైనప్పుడు బయటివాళ్ళని పిలిపించుకోవాలన్నది ఆయన తెచ్చిన ఆజ్ఞ. వచ్చిన రోజే నన్ను పిలిచి, "వడ్రంగితో మొదలుపెడదాం" అన్నాడు. నాన్నకి రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. మూడు వేళ్ళ వడ్రంగికి బయట ఇంకెవరు పనిస్తారు?

రాత్రిళ్ళు నిద్ర లేకుండా రెండు రోజుల్లో ఏడాది చీటీల పట్టిక వేశాను. చివరి వరుస కూడి చూస్తే నా కళ్ళని నేనే నమ్మలేదు. ఫ్యాక్టరీ మొత్తంలో అందరికంటే ఎక్కువ పనిచేసిన మనిషి మా నాన్న.

ఆఫీసరు పట్టికని పైకీ కిందికీ చూశాడు. ఆయన మాత్రం తక్కువవాడా! "ఇందులో ముప్పాతిక చీటీల మీద ఒకడి సంతకమే ఉందేం? ఎవరీ మహానుభావుడు? పదండి చూద్దాం" అన్నాడు. ఆ చీటీలన్నీ ఉత్తుత్తివని తేలితే నాన్న ఉద్యోగంతో పాటు మామయ్యది కూడా పోతుంది.

మామయ్య కరెంటు గదిలో ఉన్నాడు. పాతకాలపు గది, దానికి బరువైన చెక్క తలుపు. ఆఫీసరు నన్ను బయటే ఉండమని లోపలికి వెళ్ళి, పెండింగులో ఉన్న చీటీ ఒకటి తీసి చదివాడు. "'తలుపు గడియ వదులు. వడ్రంగి చూడవలెను.' ఏమయ్యా, ఇది అరనిమిషం పని. నువ్వు చెయ్యలేవా?"

"ఏడో నిబంధన సార్."

"ఇంత చిన్నదానికా?"

"చిన్న పనులే కదండీ అందరూ చేసేస్తానంటారు. పెద్దవి ఎవరడిగారు?"

ఆఫీసరుకి తిక్కరేగింది. మామయ్య జేబులోంచి స్క్రూడ్రైవర్ లాగి, "చూడు, ఎంతసేపో!" అంటూ తలుపు మూసి, లోపలినుంచి గడియ బిగించడం మొదలుపెట్టాడు. నేను బయటే నిలబడి ఉన్నాను. లోపల కర్రుమని ఒక చప్పుడు, టక్కుమని ఇంకొకటి.

"రావట్లేదేమిటిది?" ఆఫీసరు గొంతు.

"అటు కాదు సార్ తిప్పడం" మామయ్య గొంతు.

"ముందే చెప్పొచ్చుగా!"

"వడ్రంగం గురించి సలహా చెప్పడం కూడా వడ్రంగి పనే కదా సార్."

గడియ ఇరుక్కుపోయింది. పదకొండు గంటలకి ఆఫీసరుకి డైరెక్టర్లతో మీటింగు. అప్పటికి పదిన్నర. లోపల ఉక్క, కిటికీ లేదు. "తలుపు బద్దలు కొట్టు!" అని ఆఫీసరు అరిచాడు.

"తలుపు చెక్కది సార్."

"అయితే?"

"చెక్కని కొట్టడానికి నాకు అధికారం లేదు. కంగారు పడకండి, కూర్చోండి. ఆ స్టూలు మాత్రం వద్దు, కుంటుతుంది. దానికీ చీటీ పెట్టాను, మీ అమ్మాయి దగ్గర ఉంది."

"మా అమ్మాయేంటయ్యా?"

"మీ ఆఫీసు అమ్మాయి సార్."

నవ్వాపుకోలేక, ఏడుపాపుకోలేక నేను గోడకి జారబడ్డాను. కాసేపటికి తలుపు కింద సందులోంచి ఒక కాగితం బయటికి జారింది. పని చీటీ. "కరెంటు గది తలుపు తెరుచుట. అత్యవసరం. వడ్రంగి." కింద సంతకం మామయ్యది కాదు, కోత ఆఫీసరుది.

ఆ చీటీ పట్టుకుని వడ్రంగి షెడ్డుకి పరుగెత్తాను. నాన్న చీటీ చదివాడు, సంతకం చూశాడు, సంచి తీసుకుని బయల్దేరాడు. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని సందులోంచి సన్నటి ఉలి దూర్చాడు. మూడు వేళ్ళతో దాన్ని అలా కొంచెం, ఇలా కొంచెం కదిలించాడు. పది నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. చెక్క మీద గీత కూడా పడలేదు.

చెమటతో తడిసిన ఆఫీసరు బయటికొచ్చి, ముందు తలుపుని చూశాడు, తర్వాత నాన్న చేతిని చూశాడు. "బద్దలు కొడితే ఇంకా ముందే అయ్యేది కదయ్యా?"

"బద్దలు కొడితే మళ్ళీ కొత్త తలుపు చెయ్యాలి కదండీ" అన్నాడు నాన్న. "పాతది బాగానే ఉంది, ఎందుకు పారెయ్యడం?"

ఆఫీసరు ఆ తలుపుని ఒకసారి చేత్తో తడిమి చూసి మీటింగుకి పరుగెత్తాడు. ఆ వారం వచ్చిన నివేదికలో వడ్రంగి ఉద్యోగం ఎదురుగా "అత్యవసరం" అని రాసి ఉంది. చీటీలో రాసిన మాటే మళ్ళీ రాశాడు పాపం, ఇంకోటి తోచలేదేమో.

నివేదిక వచ్చిన సాయంత్రం నేను అత్తయ్య దగ్గరికి పరుగెత్తి, ఉన్నవీ లేనివీ కలిపి కథంతా చెప్పాను. "మామయ్య పిచ్చి ఈసారి భలే కలిసొచ్చింది అత్తయ్యా! లేకపోతే మా నాన్న..." అంటూ నవ్వుతున్నాను. అత్తయ్య నవ్వలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళి, రోజూ ఆవిడ మోచేతికి కొట్టుకునే అలమార చూపించింది.

"ఇదెవరు చేశారనుకుంటున్నావు?"

"మా నాన్న."

"మీ మామయ్య. మా పెళ్ళైన ఏడాది. ఈ ఇంట్లో ప్రతి చెక్కా ఆయన చేతిదే. అప్పట్లో ఈయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. వీధిలో ఎవరింట మేకు ఊడినా పిలవకముందే సుత్తి పట్టుకుని వెళ్ళేవాడు. ఫ్యాక్టరీలో కూడా అంతే. మీ నాన్నకి వేళ్ళు పోయినప్పుడు మేనేజరు ఈయన భుజం తట్టి, 'నువ్వుండగా మనకి వడ్రంగి ఎందుకయ్యా' అన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మర్నాటినుంచి ఇదిగో, ఈ ఏడో నిబంధన."

"మరి నువ్వు రోజూ ఈ తలుపు బిగించమని అరుస్తావుగా?"

"అరవాలిగా మరి. నేను ఊరుకుంటే ఆయనకి వచ్చని వీధికి మళ్ళీ గుర్తుకురాదూ?" అంది అత్తయ్య మోచెయ్యి రుద్దుకుంటూ.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను, నీకు తెలుసా అని. నాన్న ఉలి నూరుతున్నాడు. "తెలుసు. నాకు తెలుసని వాడికి తెలిస్తే మొహమాటపడతాడు. అందుకే అడగలేదు" అన్నాడు. "వాడు ఒక్క స్క్రూకి పిలిచినా, మళ్ళీ ఇరవై ఏళ్ళు వదులవ్వకుండా బిగించి వచ్చేవాణ్ణి. అంతకంటే నేనేం ఇవ్వగలను?"

పనంటే చేతులు దురదపెట్టే మనిషి, అంత నేర్పున్న చేతుల్ని అన్నేళ్ళు వెనక్కి కట్టుకుని తిరిగాడు. నా చదువూ, మా ఇంట్లో మూడు పూటలా ఉడికిన అన్నమూ ఆ కట్టుకున్న చేతుల చలవే. ఆ మాట ఆయనకి ఎదురుగా చెప్పబోతే, "బీడీ ఉందా బావా?" అంటూ నాన్న వైపు తిరిగిపోయాడు. ఆయన జన్మలో బీడీ కాల్చలేదు.

మూడేళ్ళకి నాన్న దండలతో, చప్పట్లతో రిటైరయ్యాడు. ఆ ఉద్యోగంలోకి కొత్త వడ్రంగి వచ్చాడు. ఇంకో ఏడాదికి మామయ్య కూడా రిటైరయ్యాడు. ఆ మర్నాడు తెల్లారేసరికి ఆయన మా పెరట్లో నిలబడి ఉన్నాడు. భుజం మీద రెండు చెక్క పలకలు, మొహం మీద పరీక్షకొచ్చిన పిల్లాడి బెదురు.

"బావా, రెండిళ్ళ మధ్యా కూర్చోడానికి ఒక బెంచీ చేద్దామనుకుంటున్నా. నా దగ్గర సామాను లేదు. నీ ఉలి ఒకసారి ఇస్తావా?"

వడ్రంగి ఉలి ఇంకొకరికివ్వడు. నాన్న దాన్ని మమ్మల్ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ పూట మాత్రం లోపలికి వెళ్ళి, గుడ్డతో తుడిచి మరీ తెచ్చి మామయ్య చేతిలో పెట్టాడు. పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే లేవలేదు. సాయంత్రందాకా మామయ్య చెక్కుతూనే ఉన్నాడు, నాన్న కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నాడు.

చీకటిపడ్డాక నాన్న లోపలికొచ్చి, అమ్మతో చాలా కష్టంగా చెప్పుకున్నాడు, "పొద్దుట్నించీ చూశానే, ఒక్క తప్పు కూడా దొరకలేదు."